గోదారి ఒడ్డా, సిటీ బస్సా? నాందేడ్‌లో కూర్చుని వేసుకున్న లెక్క

మంగళవారం ఉదయం ఎనిమిదిన్నర. సిడ్కో వైపు లాతూర్ ఫాటాలో షేర్ ఆటో ఎక్కాను. ముగ్గురు కూర్చునే సీట్లో నలుగురం, డ్రైవర్‌కి అటొకరు ఇటొకరు, వెనక సామాన్లు పెట్టే చోట ఇద్దరు కాలేజీ పిల్లలు. మధ్యలో ఇంకొకాయన చెయ్యెత్తాడు. డ్రైవర్ బండి ఆపి, నా పక్కనున్న పెద్దావిడతో "మావ్షీ, థోడం సర్కా" అన్నాడు. ఆవిడ టిఫిన్ సంచీ ఒళ్లోకి లాక్కుని తెలుగులోనే గొణిగింది: "ఇంకెటు జరగాలె నాయనా, గోదాట్లకా?" అప్పటికి మేం వంతెన మీదే ఉన్నాం.

అదే వారం మా కాలనీలో ఎన్నికల మీటింగు. వేదిక మీది పెద్దమనిషి గోదారి ఒడ్డున రివర్ ఫ్రంట్ కట్టిస్తామన్నాడు. లైట్లు, నడకదారి, బోటింగు, సంగీతానికి ఎగిరే ఫౌంటెన్. ఫ్లెక్సీ మీద బొమ్మ కూడా ఉంది, చూడగానే అహ్మదాబాద్ అని తెలిసిపోతోంది. "సిటీ బస్సుల సంగతేంటి?" అని వెనక నుంచి ఎవరో అడిగితే "అదీ చూద్దాం" అన్నాడు. చేతులెత్తమంటే రివర్ ఫ్రంట్‌కి బోలెడు చేతులు లేచాయి. నిజం చెప్పాలంటే నాదీ లేచింది. ఇంటికొచ్చాక కాగితం తీసుకుని లెక్క వేసుకున్నాను. ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నాను. నాందేడ్ వాళ్లకే కాదు, మహారాష్ట్రలోనే చంద్రపూర్, బల్లార్‌పూర్, ధర్మాబాద్ వైపు ఉన్న మన తెలుగువాళ్లకీ పనికొస్తుందనుకుంటున్నా. ప్రతి ఊళ్లోనూ ఏదో ఒక నది ఉంది, ఏదో ఒక ఫ్లెక్సీ కూడా ఉంది.

ఒకసారి పెట్టే ఖర్చు, రోజూ పెట్టే ఖర్చు

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చడంలో ఉన్న మొదటి చిక్కు ఇదే. ఘాట్ కట్టడమంటే ఇల్లు కట్టడం లాంటిది. ఒకసారి డబ్బు పోస్తే కళ్లకు కనిపించే వస్తువు మిగులుతుంది. రిబ్బన్ కట్ చేయొచ్చు, శిలాఫలకం పెట్టొచ్చు. బస్సు నడపడమంటే ఇంట్లో పాలు పోయించుకోవడం లాంటిది. నెలనెలా బిల్లు వస్తుంది. ఏ నెల ఆపితే ఆ నెల నుంచే పాలుండవు. అందుకే ఎన్నికల ముందు ఘాట్ సులువు, బస్సు కష్టం.

అలాగని ఘాట్‌కి నెలవారీ ఖర్చు ఉండదని కాదు. అది ప్లాన్ కాగితంలో కనపడదు, అంతే. ఊడ్చేవాళ్లు, కరెంటు, వాచ్‌మన్, చెట్లకు నీళ్లు, వర్షాకాలం పోయాక మట్టి తీయడం, ఇవన్నీ ఖర్చే. మా ఇంటికి దగ్గర్లో నది వైపు ఒక చిన్న పార్కులో అందమైన ఇనుప దీపస్తంభాలు పెట్టారు. మొదటి ఏడాది అన్నీ వెలిగాయి. రెండో ఏడాది ఒకటి విడిచి ఒకటి. ఇప్పుడు స్తంభాలున్నాయి, వాటి కింద చిన్న తలుపులు తెరుచుకుని లోపలి వైర్లు బయటికి వేలాడుతున్నాయి. మా అబ్బాయి వాటిని చూసి "నాన్నా, స్తంభాలకు పేగులొచ్చాయి" అన్నాడు. ఎవరి తప్పని అడిగితే కాంట్రాక్టరు గడువు అయిపోయిందన్నారు. ఆ గడువు తర్వాత ఎవరు చూడాలో కాగితంలో ఎవరూ రాయలేదు.

కాబట్టి పోలిక పెట్టేటప్పుడు కట్టుబడి ఖర్చును ఒక్కదాన్నే చూడకండి. పదేళ్ల ఖర్చు చూడండి.

చేతిలో 100 కోట్లున్నాయనుకుంటే

ఇది ఊరికే లెక్క కోసం అనుకున్న మొత్తం. పెద్ద ఊళ్ల ఖర్చు తెలిసిందే కాబట్టి దాన్ని బట్టి మన 100 కోట్లకు ఏమొస్తుందో చూద్దాం.

పుణెలో ముళా, ముఠా నదుల ఒడ్డున 44 కిలోమీటర్ల పొడవునా రివర్ ఫ్రంట్ ప్లాన్ చేశారు. అంచనా 4,727 కోట్లు. అంటే కిలోమీటరుకు దాదాపు 107 కోట్లు. నాగ్‌పూర్ మెట్రో మొదటి దశ దాదాపు 40 కిలోమీటర్లు, అంచనా 8,680 కోట్లు. అంటే కిలోమీటరుకు 217 కోట్ల దాకా. మన 100 కోట్లు పట్టుకుని పుణె రకం ఒడ్డు కట్టడం మొదలుపెడితే కిలోమీటరు పూర్తవకుండానే జేబు ఖాళీ. నాగ్‌పూర్ రకం మెట్రో అయితే అర కిలోమీటరు కూడా రాదు, పట్టాలు ఏ బట్టల దుకాణం ముందో ఆగిపోతాయి.

ఇప్పుడు బస్సులు. ఈ రోజుల్లో చాలా ఊళ్లు బస్సు కొనడం లేదు. కంపెనీ బస్సు తెస్తుంది, నడుపుతుంది, కార్పొరేషన్ కిలోమీటరుకు ఇంత అని కడుతుంది. టికెట్ డబ్బు కార్పొరేషన్‌దే. టికెట్టు డబ్బూ పైనుంచి వచ్చే సాయమూ పోను కార్పొరేషన్ భరించాల్సిన లోటు కిలోమీటరుకు 30 రూపాయలు అనుకుందాం. 40 బస్సులు, ఒక్కోటి రోజుకు 180 కిలోమీటర్లు. రోజుకు 7,200 కిలోమీటర్లు, లోటు 2 లక్షల 16 వేలు. ఏడాదికి 7 కోట్ల 88 లక్షలు. అంటే ఆ 100 కోట్లతో 40 బస్సులు పన్నెండేళ్లకు పైగా నడుస్తాయి. లోటు 30 కాదు 45 అనుకోండి, అయినా ఎనిమిదేళ్లు నడుస్తాయి.

కిలోమీటరు కంటే తక్కువ పొడవున్న ఒడ్డు ఒకవైపు, ఎనిమిది నుంచి పన్నెండేళ్లు నడిచే 40 బస్సులు ఇంకోవైపు. ఈ లెక్క చూశాకే మీటింగులో ఎత్తిన చెయ్యి మనసులో దించేశాను.

కానీ ఇందులో ఒక మెలిక ఉంది. ఆ 100 కోట్లు ఒకే సంచీలో ఉండవు. తీర్థయాత్రల డబ్బు తీర్థయాత్రలకే వస్తుంది, మురుగు శుద్ధి డబ్బు మురుగుకే వస్తుంది. బస్సుల విషయానికొస్తే 2023 ఆగస్టులో కేంద్రం పీఎం ఈ-బస్ సేవ అని పథకం ఒప్పుకుంది. 10,000 ఎలక్ట్రిక్ బస్సులు, మొత్తం అంచనా 57,613 కోట్లు, అందులో కేంద్రం వాటా 20,000 కోట్లు, బస్సులు నడపడానికి పదేళ్ల సాయం. జనాభా 3 లక్షలు దాటిన ఊళ్ల కోసం. నాందేడ్ జనాభా 2011 లెక్కల్లోనే ఐదున్నర లక్షలు. ఇలా ఏ పథకం డబ్బు ఆ పథకానికే కట్టేసి ఉన్నప్పుడు 'ఇదా, అదా' అనే ప్రశ్న పైనుంచి వచ్చే డబ్బు గురించి కాదు. మన కార్పొరేషన్ సొంత జేబు గురించి. ఊళ్లోకొచ్చే సరుకు మీద వేసే జకాత్ పోయింది, దాని బదులొచ్చిన స్థానిక పన్ను ఎల్‌బీటీ కూడా పోయింది. ఇక మిగిలింది ఇంటి పన్ను, నీటి పన్ను, పైనుంచి వచ్చే జీఎస్టీ పరిహారం. ఆ జేబులోంచి ఏ పనికి ఎంత పోతుంది, ఎన్నేళ్లు పోతుంది అన్నదే అసలు పోలిక. "కేంద్రం ఇస్తోంది కదా, వద్దంటామా?" అనే వాళ్లకు నా జవాబు ఒకటే. ఏనుగును ఊరికే ఇచ్చినా మేత మనదే.

అహ్మదాబాద్ బొమ్మలో కనపడనివి

ఫ్లెక్సీల మీద బొమ్మ అహ్మదాబాద్‌ది కాబట్టి దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. అక్కడ సబర్మతికి రెండు వైపులా పదకొండున్నర కిలోమీటర్ల చొప్పున కట్టారు. దీనికోసం 1997లో ప్రత్యేకంగా ఒక కంపెనీ పెట్టారు, పని మొదలైంది 2005లో, జనానికి తెరిచింది 2012లో. అంటే కంపెనీ పెట్టినప్పుడు పుట్టిన పిల్ల పదో తరగతికి వచ్చేదాకా పట్టింది. ఒక మేయరు పదవీకాలంలో అయ్యే పని కాదది.

రెండో సంగతి. ఆ బొమ్మలో నిండుగా కనిపించే నీళ్లు సబర్మతివి కావు. నర్మద కాలువ నుంచి తెచ్చి వదిలినవి. కింద వాస్నా బ్యారేజీ వాటిని ఆపి పెడుతుంది. ఆ బ్యారేజీ దాటి కిందికి వెళ్తే నది కథ వేరు. అక్కడి కాలుష్యం మీద 2021లో గుజరాత్ హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది.

మన దగ్గర వరస దీనికి తలకిందులు. విష్ణుపురి బ్యారేజీ ఊరికి పైన ఉంది. మంచి నీళ్లు ఊరు రాకముందే ఆగుతాయి. వేసవిలో ఊరి ఘాట్ల దగ్గర కనిపించేది చాలావరకు నాలాల నుంచి దిగిన నీళ్లే. ఏప్రిల్‌లో సాయంత్రం నగీనా ఘాట్ మెట్ల మీద పది నిమిషాలు కూర్చోండి. గాలి నది వైపు నుంచి వీస్తే లేచి వెళ్లిపోతారు. గాలి ఊరి వైపు నుంచి వీస్తే ఇంకో పది నిమిషాలు కూర్చుంటారు. ఆ నాలా కట్టేసి శుద్ధి చేయకుండా దాని పక్కన గ్రానైట్ పరిస్తే, కంపు కొట్టే చోట కూర్చోవడానికి మంచి బల్ల వేసినట్టే. సబర్మతిలో కూడా ఒడ్డుతో పాటు మురుగును దారి మళ్లించే పైపులు వేశారు. ఫ్లెక్సీ బొమ్మలో పైపు కనపడదు.

మూడోది, జనం. ఆ ఒడ్డున ఉన్న 10,000 పైచిలుకు కుటుంబాలను అక్కడినుంచి తరలించారు. చాలామందిని పని దొరికే చోటుకు దూరంగా, ఊరి అంచుల్లో పెట్టారు. వాళ్లకు అప్పటినుంచి రోజూ బస్సు కావాలి. రివర్ ఫ్రంట్ ఖర్చులో ఈ బస్సు ఖర్చు ఎవరూ రాయరు.

అహ్మదాబాద్‌ను మెచ్చుకోవాల్సింది ఇంకోటుంది, దాన్ని ఎవరూ ఫ్లెక్సీ వేయరు. ఒడ్డు తెరవడానికి మూడేళ్ల ముందే, 2009 అక్టోబరులో, జన్‌మార్గ్ అని బస్సులకు ప్రత్యేక దారి మొదలుపెట్టారు. ఒడ్డు చూడటానికి వెళ్లే మనిషికి వెళ్లే దారి అప్పటికే ఉంది.

నది ఏ గీత దాకా వస్తుందో

మహారాష్ట్రలో నది పక్కన రెండు గీతలుంటాయి. పాతికేళ్లకు ఒకసారి వచ్చే వరద తాకే చోటు నీలి గీత, వందేళ్లకు ఒకసారి వచ్చే వరద తాకే చోటు ఎర్ర గీత. నీలి గీత లోపల కట్టడాలకు వీల్లేదు. తోట, ఆటస్థలం లాంటివి పెట్టుకోవచ్చు. రివర్ ఫ్రంట్ ప్లాన్ ఎవరైనా మీ ముందు పెడితే మొదట అడగాల్సింది ఈ రెండు గీతలు మ్యాపు మీద ఎక్కడున్నాయో చూపించమని. ఫుడ్ కోర్టు నీలి గీత లోపల ఉంటే ఆ ప్లాను వేసినవాడు వర్షాకాలంలో నాందేడ్ రాలేదని అర్థం.

మా దగ్గర గోదారి ఎక్కినప్పుడు విష్ణుపురి గేట్లు తెరుస్తారు, కొన్ని గంటల్లో ఘాట్ మెట్లు ఒక్కొక్కటే మునుగుతాయి. దిగాక మెట్ల మీద మిగిలేది నల్లటి మెత్తని ఒండ్రు. చూడటానికి చాక్లెట్‌లా ఉంటుంది, ఎండితే సిమెంటు. పారతో గీకితే తప్ప రాదు. టైల్స్ వేసిన చోట ఆ పార దెబ్బలకే టైల్స్ పగులుతాయి. పాత రాతి మెట్లకు ఏమీ కాదు. పాతకాలం వాళ్లు ఘాట్ అంటే రాతి మెట్లు మాత్రమే ఎందుకు కట్టారో ఒక్క వరద చూస్తే తెలుస్తుంది.

బస్సు వైపు నిలబడే నాలాంటి వాళ్లు కూడా ఇక్కడ గొప్పలు పోవడానికి లేదు. హైదరాబాద్‌లో ఎంజీబీఎస్ మనందరికీ తెలిసిందే, మూసీ నడిమధ్యలో కట్టిన బస్ స్టేషన్. 2025 సెప్టెంబరు చివర్లో మూసీ పొంగి బస్ స్టేషన్‌లోకి నీళ్లు వచ్చాయి, ప్రయాణికులను రాత్రికి రాత్రి బయటికి తీయాల్సి వచ్చింది. పుణె మెట్రో లైనులో కొంత ముక్క ముఠా నది పక్కనుంచే పోతుంది, దాని మీద హరిత ట్రిబ్యునల్‌లో కేసు నడిచింది. 2024 జూలైలో అదే పుణెలో సింహగడ్ రోడ్డు వైపు ఇళ్లలోకి నది వచ్చింది. కాబట్టి బస్ డిపోకి స్థలం ఎక్కడ అంటే "నది పక్కన ఖాళీ ఉంది కదా" అనే మాట వినపడితే, ఫుడ్ కోర్టుకి అడిగిన ప్రశ్నే దానికీ అడగాలి.

మెట్రో గురించి

దీని మీద ఎక్కువ రాయను. మెట్రో అడగాలంటే 20 లక్షల జనాభా ఉండాలన్నది చాలాకాలంగా నడుస్తున్న కొలత. మనం అక్కడికి దూరం. చిన్న ఊళ్లకు మెట్రోలైట్, మెట్రో నియో అని తక్కువ ఖర్చు రకాలు వచ్చాయి. 2021 బడ్జెట్‌లో నాసిక్ నియోకి 2,092 కోట్లు అన్నారు. నాసిక్ మనకంటే చాలా పెద్దది, అక్కడే పని ముందుకు కదలడానికి ఇంత కాలం పడుతోంది. ఎవరైనా నాందేడ్‌కి మెట్రో అంటే నవ్వి ఊరుకోండి.

బస్సు ఎక్కడ ఓడిపోతుంది

బస్సులే మేలని అంత తేలిగ్గా ఒప్పుకోవద్దు. బస్సు వేసి చెడగొట్టడం చాలా సులభం. పుణెలో 2006లోనే కాత్రజ్ నుంచి హడప్సర్ దాకా దేశంలోనే మొదటిసారి బస్సులకు ప్రత్యేక దారి వేశారు. స్టేషన్లకు చేరడం కష్టం, దారిలోకి బైకులూ కార్లూ దూరడం, చివరికి కొన్ని ముక్కలు పీకేశారు. డబ్బు పెట్టగానే సరిపోదని దాన్ని చూస్తే తెలుస్తుంది.

మన ఊరికి బస్సు వస్తే దానికి పోటీ షేర్ ఆటో. షేర్ ఆటో ఎందుకు గెలుస్తుందో అందులో ఎక్కే ఎవరినడిగినా చెప్తారు. రెండు నిమిషాలకొకటి వస్తుంది, చెయ్యెత్తిన చోట ఆగుతుంది. బస్సు నలభై నిమిషాలకొకటి వస్తే దాన్ని పెన్షనర్లు తప్ప ఎవరూ ఎక్కరు. ఖాళీ బస్సు చూసి కార్పొరేషన్ వాళ్లు 'జనం ఎక్కడం లేదు' అంటారు, ఒకటొకటిగా తగ్గిస్తారు, చివరికి డిపోలో మొక్కలు మొలుస్తాయి.

అందుకని 40 బస్సులను ఊరంతా 20 రూట్లకు పంచిపెడితే డబ్బు దండగ. రూటుకు రెండు బస్సులు ఎవరికీ పనికిరావు. అవే 40 బస్సులను నాలుగు రూట్లకు పెడితే ఒక్కోదాని మీద పది. పోను గంట, రాను గంట అనుకున్నా పన్నెండు నిమిషాలకొకటి. మధ్యలో ఎక్కే వాళ్లకు గడియారం చూడాల్సిన పనుండదు. సిడ్కో, హడ్కో నుంచి గోదారి దాటి వజీరాబాద్. విష్ణుపురిలోని మెడికల్ కాలేజీ ఆస్పత్రి, యూనివర్సిటీ నుంచి రైల్వే స్టేషన్. తరోడా నాకా నుంచి బస్ స్టాండ్. దేగ్లూర్ నాకా నుంచి శివాజీ నగర్. నా వార్డు ఇందులో ఏ రూటు మీదా లేదు, అయినా ఇదే రాస్తున్నాను. కార్పొరేటర్లందరూ తమ వార్డుకి బస్సు కావాలంటారు కాబట్టి అసలు యుద్ధం ఇక్కడే ఉంటుంది.

ఆటోవాళ్ల సంగతి కూడా చెప్పాలి. వాళ్లలో తెలుగువాళ్లు, దక్కనీ మాట్లాడేవాళ్లు, మరాఠీవాళ్లు అందరూ ఉన్నారు. పెద్ద రోడ్ల మీద బస్సు వస్తే వాళ్ల బేరం పోతుంది. గల్లీ నుంచి బస్ స్టాప్ దాకా తెచ్చే పని వాళ్లకు వదిలితే బేరం మారుతుంది కానీ పోదు. ఈ మాట ముందే కూర్చుని మాట్లాడకపోతే బస్సు మొదలైన మొదటి రోజే రోడ్డు మీద గొడవవుతుంది.

ఒడ్డు ఎక్కడ గెలుస్తుంది

ఇంతా రాశాక, ఒడ్డు వైపు నిలబడి కూడా మాట్లాడాలి. నాందేడ్ మామూలు ఊరు కాదు. సిక్కుల పదో గురువు గురు గోబింద్ సింగ్ 1708లో ఇక్కడే దేహం విడిచారు. 2008 అక్టోబరులో గుర్-తా-గద్దీ, అంటే గురు గ్రంథ్ సాహిబ్‌కి గురు పీఠం దక్కిన రోజు, 300 ఏళ్ల ఉత్సవం జరిగింది. అంతకుముందే ఊళ్ల అభివృద్ధికి కేంద్రం పెట్టిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం జాబితాలో నాందేడ్‌కి చోటు దొరికింది. రోడ్లు, విమానాశ్రయం, ఘాట్ల పనులు అప్పుడు ఊరి రూపు మార్చాయి. ఆ రోజుల్లో ఇక్కడ లాడ్జి నడిపినవాళ్లను అడగండి. యాత్రికుడు ఒక రాత్రి కాకుండా రెండు రాత్రులు ఉంటే ఊళ్లో దోశ బండి దాకా డబ్బు చేరుతుంది. ఆ రెండో రాత్రికి సాయంత్రం కూర్చోవడానికి ఒక ఒడ్డు కావాలి.

ఇంకో సంగతి లెక్కలో పట్టదు. మా అత్తమ్మ దేగ్లూర్ నుంచి వస్తే ఆవిడ అడిగేది ఒకటే, "సాయంత్రం గోదారి కాడికి తీస్కపోతవా బిడ్డా?" సినిమా వద్దు, మాల్ వద్దు. ఘాట్ మెట్ల మీద కూర్చుని అరగంట నీళ్లను చూస్తుంది. టికెట్ లేకుండా, ఏదీ కొనకుండా, ఎవరూ లేవమనకుండా ఆడవాళ్లు కూర్చునే చోటు ఊళ్లో ఎన్ని ఉన్నాయి? గుడి, గురుద్వారా, గోదారి. అంతే. ఏ రివర్ ఫ్రంట్ అయినా గేటు పెట్టి టికెట్ మొదలుపెడితే ఈ మూడోది పోయినట్టే. టికెట్ లేని ఒడ్డుకి నేను ఓటేస్తాను. టికెట్ ఉన్న ఒడ్డు ఒక పెద్ద పార్టీ హాలు, దానికి నా ఇంటి పన్నెందుకు?

2027లో గోదావరి పుష్కరాలున్నాయి. మనవాళ్లు బాసరకు వెళ్లినట్టే ధర్మాబాద్ వైపు, నాందేడ్ ఘాట్లకు కూడా వస్తారు. ఘాట్ పనులకు ఈసారి డబ్బు అడగడం న్యాయమే. అయితే పోయినసారి, 2015 జూలై 14న, రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో 25 మందికి పైగా చనిపోయారు. అక్కడ మెట్లకు లోటు లేదు. జనం వచ్చే దారి, పోయే దారి ఒక్కచోట కొట్టుకున్నాయి. ఘాట్‌కి పెట్టే ప్రతి రూపాయిలో కొంత ఘాట్‌కి చేరే దారి మీద పెట్టాలని నేనంటున్నది అందుకే. ఆ దారే మిగతా పదకొండేళ్లు బస్ రూటుగా పనికొస్తుంది.

ఊరిని బట్టి మాట మారుతుంది

నేను చెప్పేది అన్ని ఊళ్లకూ ఒకేలా అతకదు. ధర్మాబాద్ లాంటి చిన్న ఊళ్లో సిటీ బస్సు మాటే అనవసరం, ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచే దూరం. అక్కడ రైలు దిగినవాళ్లు గోదారి దాకా చేరడానికి దారి, స్నానం చేసినవాళ్లు బట్టలు మార్చుకోవడానికి గదులు, ఈ రెండే పెద్ద పని. పక్కనే బాబ్లీ బ్యారేజీ ఉంది. 2013 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తే ఉండాలి. అంటే ఏడాదిలో నాలుగు నెలలు నీటిమట్టం మన చేతిలో ఉండదు. బోటింగు జెట్టీ అనేవాళ్లు ఈ క్యాలెండర్ చూసి మాట్లాడాలి.

చంద్రపూర్‌లో ఇరయి, ఝర్‌పట్ నదులు, గోండుల కోట గోడ ఉన్నాయి. అక్కడ నది కంటే కోట గోడ పక్కన నడకదారి బాగుంటుందని నాకనిపిస్తుంది. బల్లార్‌పూర్ నుంచి చంద్రపూర్‌కి రోజూ పనికి తిరిగేవాళ్లకు మాత్రం బస్సే ముందు. ఇక సిరోంచ వాళ్లనడిగితే నవ్వుతారు. ప్రాణహిత గోదారిలో కలిసే అంత అందమైన చోటు వాళ్లకు దేవుడే కట్టిచ్చాడు. వాళ్లకు కావాల్సింది టైముకు వచ్చే ఎస్టీ బస్సు, అంటే మహారాష్ట్ర ప్రభుత్వ బస్సు.

నా పంపకం

నాందేడ్‌కి సొంత జేబు నుంచి పెట్టే ప్రతి 100 రూపాయల్లో నేనైతే ఇలా పంచుతాను. ముందు 40 రూపాయలు నాలాలకు. మురుగు గోదారిలో కలవకుండా ఆపే పైపులు, పంపులు, ఆ పంపులకు కరెంటు బిల్లు. ఇది ఒడ్డు ఖాతానా, బస్సు ఖాతానా అని అడగొద్దు, ఇది లేకుండా ఒడ్డే లేదు. తర్వాత 45 రూపాయలు బస్సులకు, ఆ నాలుగు రూట్లకు, కనీసం ఎనిమిదేళ్లు ఆపబోమని రాసిచ్చి. మిగిలిన 15 రూపాయలు ఒడ్డుకి. రాతి మెట్లు, వేప చెట్లు, తాగే నీళ్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్లు. ఫౌంటెన్ లేదు. ఎవరైనా దాత ఫౌంటెన్ కట్టిస్తానంటే కట్టించుకోవచ్చు, కరెంటు బిల్లు కూడా ఆయనే కడతానని కాగితం రాసిస్తే.

నా మిత్రుడొకాయన దీంతో ఒప్పుకోడు. ఆయనకు వజీరాబాద్‌లో బట్టల కొట్టు. "ముందు ఒడ్డు కట్టు, జనం వస్తారు, జనమొస్తే బస్సు దానంతటదే వస్తుంది" అంటాడు. ఆయన మాటలో కొంత నిజముంది, యాత్రికుడు బస్ రూటు చూసి రాడు. నేనడిగింది ఒక్కటే. "నీ కొట్లో పనిచేసే నలుగురు అమ్మాయిలు ఎక్కడి నుంచి వస్తారు?" ముగ్గురు సిడ్కో నుంచి, ఒకమ్మాయి విష్ణుపురి నుంచి. నెలకు ఆటోకి ఎంత పెడుతున్నారో ఆయనకు తెలియదు. పిలిచి అడిగాడు. విష్ణుపురి అమ్మాయి చెప్పిన మొత్తం విని ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, బస్సు ముందే రానియ్యి. కానీ స్టాపు మాత్రం నా కొట్టు ముందే ఉండాలి" అన్నాడు.